అద్దాలు పగలగొట్టించిన జయరత్నం గారు

జయరత్నం గారు కాలం చేశారన్న కబురు నాకు గన్‌ఫౌండ్రీలో మా బ్యాంకు మెట్ల మీద అందింది. చెప్పినవాడు ఆయన దుకాణానికి ఎదురుగా సైకిల్ టైర్లు అమ్ముకునే మనిషి. "మేడమ్, రత్నం సాబ్ పొద్దుగాల పోయిండు" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను లోపలికి వెళ్ళి సాయంత్రం దాకా పని చేశాను. దిగ్భ్రాంతికి లోనయ్యానని ఇక్కడ రాయడం ఆనవాయితీ. దిగ్భ్రాంతికి కూడా కాస్త ఓపిక కావాలి. ఈ వయసులో మరణవార్త వింటే నాకు ముందు నీరసం వస్తుంది. ఆ రోజు మాత్రం నీరసంతో పాటు సిగ్గు కూడా వచ్చింది. ఆయనకు చెప్పవలసిన ఒక నిజాన్ని ఆరేళ్ళుగా దాచి, రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అని వాయిదా వేస్తూ వచ్చినదాన్ని నేను. ఇక వాయిదా వేయడానికి మనిషే లేడు.

ఆయన్ను ఎరగనివారి కోసం చెబుతాను. నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్‌కు వచ్చే దారిలో, ఒక పాత లాడ్జి పక్క సందులో ఆయనది కార్ల సామాన్ల దుకాణం. సీటు కవర్లు, హారన్లు, వైపర్లు, అందరూ అమ్మేవే. ఆయన మాత్రమే పట్టుబట్టి అమ్మింది ఇంకొకటి ఉంది: ప్రమాదంలో కారు లోపల చిక్కుకుపోతే అద్దం పగలగొట్టుకుని బయటపడే చిన్న సుత్తి. ఒక కొసన ఉక్కు ములుకు, పిడిలో సీటు బెల్టు కోసే బ్లేడు. మా బ్యాంకులో ఆయన పేరు సుత్తి సాబ్. ఆ మాట వెనక ఎంత వెటకారం ఉందో తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. ఆయనకూ తెలుసు. "అననియ్యుండ్రి మేడమ్, పేరన్న యాదుంటది" అనేవారు.

స్వస్థలం మెదక్. మిషన్ బడిలో చదివి, మిషన్ ఆస్పత్రిలో అంబాసిడర్ నడిపారు. ఈ సుత్తి మీద ఇంత పట్టుదల దేనికని నేను ఓసారి వాదన పెట్టుకుంటే, సర్దుతున్న హారన్ల మీంచి తల ఎత్తకుండానే చెప్పారు. "కాలువల పడ్డం. నేను బయటికొచ్చిన. డాక్టరమ్మ రాలే. ఎనక డోర్ అద్దం హ్యాండిల్ ఊడిపోయి నెలయింది. రేపు చేపిద్దాం, మాపు చేపిద్దాం అనుకున్నం." ఆ తరువాత ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆయన వ్యాపార పద్ధతి లోకంలో ఎక్కడా లేనిది. దుకాణం వెనక గదిలో పాత ఫియట్ సీటు ఒకటి నేలకు బిగించి, దానికో బెల్టు పెట్టారు. తుక్కు సామాన్లవాళ్ళ దగ్గర తెచ్చిన కారు తలుపులు, అద్దాలతో సహా, గోడకు ఆనించి ఉండేవి. సుత్తి కొనాలంటే ఆ సీట్లో కూర్చోవాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు జరిగిన సంభాషణ ఇది.

"కూసోండ్రి మేడమ్."

"నేను సామాను కొనడానికొచ్చానండీ, క్షవరానికి కాదు."

"కూసోకుంటె అమ్మ."

కూర్చున్నాను. బెల్టు బిగించారు.

"కండ్లు మూసుకోండ్రి. బండి ఉల్టా అయింది. సుత్తి ఏడున్నది?"

"మీ చేతిలో ఉంది."

"నేను బండిల లేను మేడమ్. మీరొక్కరే ఉన్నరు."

కళ్ళు మూసుకునే చేత్తో చుట్టూ తడిమాను.

ఆ తరువాత తలుపు ముందు నిలబెట్టారు. కళ్ళద్దాలు పెట్టించి, చేతికి గుడ్డ చుట్టి, కొట్టమన్నారు. నేను అద్దం నడిమధ్యన శక్తికొద్దీ కొట్టాను. చెయ్యి జివ్వుమంది కానీ అద్దానికి ఏమీ కాలేదు. "నడిమిట్ల కొడితె అది ఊగి తప్పించుకుంటది. మూలకు కొట్టుండ్రి, గాడ దానికి ఊగెటందుకు జాగ లేదు" అన్నారు. మూలకు కొట్టాను. అద్దమంతా పటికబెల్లం పలుకుల్లా జలజల రాలింది. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో అంత హాయిగా నేనెప్పుడూ ఊపిరి తీసుకోలేదు. "ఇంకొకటి కొట్టనా?" అని అడిగాను. "కొట్టుండ్రి. గని ముందు అద్దం జోలికి మాత్రం పోవద్దు. అది రెండు పొరలుంటది, నడుమ ప్లాస్టిక్. పగులుతది గని తొవ్వ ఇయ్యది" అన్నారు.

ఎంపికలో ఆయన నిక్కచ్చి. కంపెనీల ఏజెంట్లు తాళంచెవి గుత్తికి వేలాడే నాజూకు రకాలు తెచ్చి చూపితే, తుక్కు తలుపు మీద వాళ్ళ చేతే కొట్టించి, మొద్దుబారిన మొనను వాళ్ళకే చూపించేవారు. ముసలివాళ్ళకు, మణికట్టు బలం లేనివాళ్ళకు సుత్తి ఇచ్చేవారు కాదు. అద్దానికి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు ములుకును తన్నే రకం ఇచ్చేవారు. నీళ్ళలో చెయ్యి విసురు సాగదు కాబట్టి అదే మేలని కూడా చెప్పేవారు. నల్ల ఫిల్మ్ అంటించిన బండి అయితే, అద్దం పగిలినా పరదాలా వేలాడుతుందనీ, కాళ్ళతో బయటికి తన్నాలనీ కొనేవాళ్ళ చేత రెండుసార్లు చెప్పించేవారు. ముందు బెల్టు, తరువాత అద్దం, పిల్లలుంటే ముందు పిల్లలు. నా మొదటి బండికి అద్దాలు చేత్తో తిప్పేవి. దానికి అమ్మనేలేదు. "జర ముందుగాల గా హ్యాండిళ్ళకు నూనె ఎయ్యుండ్రి, గదే మీ సుత్తి" అని పంపేశారు. కొన్నేళ్ళకు మీటలు నొక్కితే దిగే అద్దాల కారు కొన్నాకే నాకు సుత్తి దక్కింది.

లక్డీకాపూల్ ఆఫీసుల్లో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన నా ఎదుటే వచ్చాడు. "నేను కూర్చోను. ఒకటి డ్రైవర్‌కి ఇచ్చెయ్" అన్నాడు. రత్నం గారు నెమ్మదిగా, "గట్లనే సార్. డ్రైవర్ బయటికొస్తడు. మీ సంగతేంది?" అన్నారు. ఆయన కాసేపు ఎర్రగా చూసి, సఫారీ సర్దుకుని సీట్లో కూర్చున్నాడు.

నా డ్రైవింగ్ సీటు కుడిపక్క, మోకాలి దగ్గర, క్లిప్పు బిగించి సుత్తి ఆయనే పెట్టారు. "చెయ్యి అందని తావుల పెడితె, అది ఇంక నా దుకాన్లనే ఉన్నట్టు" అన్నారు. నేను దాన్ని అక్కడి నుంచి కదపలేదు. దసరా కదిపింది.

మా ఇంట్లో ఆయుధ పూజ నిష్ఠగా చేస్తారు. కత్తిపీట, కత్తెర, మా ఆయన స్క్రూడ్రైవర్లు అన్నీ పీట మీదికి చేరతాయి. ఆ ఏడు మా అత్తగారు కారుకు బొట్లు పెడుతూ సుత్తిని చూశారు. తీసుకెళ్ళి పసుపు, కుంకుమ అద్ది మిగతావాటి సరసన పెట్టారు. మర్నాడు కత్తిపీట వంటింటికి వెళ్ళింది, కత్తెర మిషను దగ్గరికి వెళ్ళింది, సుత్తి మాత్రం పూజగదిలో మేకుకు వేలాడింది. "దేవుడి దగ్గరుంటే బండికే మంచిది" అన్నారావిడ. అన్నిటికీ వాదించే నేను దానికి వాదించలేదు. ఆ వారం నాకు జ్వరం. తరువాత మరిచిపోయాను.

పది రోజులకు, మధ్యాహ్నం, అత్తగారిని కంటి డాక్టరుకు చూపించి వస్తుంటే వాన అందుకుంది. ఒక రైలు వంతెన కింద ముందు బస్సు ఆగింది, వెనక నీళ్ళు చేరాయి. ఇంజను ఆగింది. మీటలు పనిచేయలేదు. తలుపు నీటి బరువుకు కదలలేదు. నా కుడిచెయ్యి ఆయన నేర్పినట్టే, చూడకుండా, మోకాలి దగ్గరికి వెళ్ళింది. క్లిప్పు ఖాళీ.

"ఏం వెతుకుతున్నావే?" అన్నారు అత్తగారు వెనకనుంచి.

"మీరు దేవుడికిచ్చింది" అన్నాను. నీళ్ళు సీటు ఎక్కాయి.

ఒక ఆటో డ్రైవరు నడుంలోతు నీళ్ళలో జాకీ రాడ్డు పట్టుకుని వచ్చాడు. "అమ్మా, మొఖం గటు తిప్పుండ్రి!" అని అరిచి అత్తగారి పక్క అద్దాన్ని నడిమధ్యన కొట్టాడు. రెండుసార్లు కొట్టినా ఏమీ కాలేదు. నేను లోపల్నుంచి "మూలకు! మూలకు కొట్టవయ్యా!" అని గొంతు చించుకున్నాను. మూలకు కొట్టాడు. వెనక సీట్లోకి దూరి, నల్ల ఫిల్మ్‌తో వేలాడిన అద్దాన్ని కాళ్ళతో తన్నాను. ముందు అత్తగారిని, తరువాత నన్ను లాగాడు. పేరు అడిగేలోపు ఇంకో కారు వైపు వెళ్ళిపోయాడు.

వారం తరువాత ఆ కారు రత్నం గారి దుకాణం ముందు ఆపాను. ఆయన అద్దం లేని తలుపు చూశారు, నన్ను చూశారు.

"కొట్టిన్రా మేడమ్?"

"ఔ" అన్నాను.

సంజాయిషీ చెప్పాలంటే చెప్పగలను. ఆ ఒక్క అక్షరం అనేటప్పుడు, అద్దం పగిలిందా అనే అడుగుతున్నారనుకున్నానని వాదించగలను. కానీ ఆయన అక్కడే, సందు నడుమ, టోపీ తీసి నిలబడ్డారు. అన్నేళ్ళు అమ్మిన సుత్తుల్లో ఒక్కటి ఒక్కరికైనా అక్కరకొచ్చిందని ఆయన విన్నది అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుంటున్న మనిషికి, లేదండీ, అది పూజగదిలో వేలాడుతోంది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ తరువాత నేను ఆయన దుకాణంలో ఒక కథనైపోయాను. సీట్లో కూర్చున్న ప్రతి మనిషికీ, "బ్యాంకు మేడమ్ గిట్లనే, నీళ్ళల్ల, నా సుత్తితోని..." అని చెప్పేవారు. నేను ఆ సందులోకి వెళ్ళడం తగ్గించాను. కిందటి నెల ఆయనకు గుండె నొప్పి వస్తే, ఈసారి చెప్పితీరాలని దవాఖానకు వెళ్ళాను. మంచం మీద లేచి కూర్చుని నర్సమ్మకు చెబుతున్నారు: "గీమెనే! నేను చెప్పలే? గీమెనే!" ఆ అమ్మాయి నాకు నమస్కారం పెట్టింది. నేను బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. నాలుగో రోజున ఆయన లేరు.

ఆదివారం చర్చి హాల్లో సంతాప సభ పెట్టారు. ఆయన భార్య కరుణమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "మీరే చెప్పాలె మేడమ్. మీ కథ చెప్పని రోజు లేకుండె ఆయనకు" అన్నారు. లేచి చెప్పాను. పూజగది, మేకు, ఖాళీ క్లిప్పు, జాకీ రాడ్డు, ఔ అన్న అబద్ధం, దేన్నీ దాచలేదు. తలెత్తి కరుణమ్మ గారి వైపు చూసే ధైర్యం లేక వరసల వైపు చూశాను. మూడో వరసలో లక్డీకాపూల్ పెద్దాయన జేబులో తాళంచెవి తడుముకుంటూ లేచాడు. వెనక ఇంకొకడు. తరువాత ఇద్దరు. ఐదు నిమిషాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. బయట కార్ల తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు, మూసుకుంటున్న చప్పుడు. పాస్టరు గారు బైబిలు మూసి కిటికీలోంచి చూశారు. ఒకావిడ గొంతు వినిపించింది: "సుత్తి డిక్కీల పెట్టి తాళమేసినవా? డిక్కీలనా!"

నేను కరుణమ్మ గారి పక్కన కూలబడి, క్షమించమన్నాను.

"అయ్యో మేడమ్" అన్నారావిడ, కొంగుతో కళ్ళు అద్దుకుంటూ. "గీ ముచ్చట ఆయనకు చెప్తె ఎంత పనికొస్తుండె! సుత్తి పనిజేసిందంటె సంబరపడ్డడు, గంతే. గిట్ల మరుస్తరు అని తెలిస్తె, దసరా దసరాకు సుత్తి జాగల ఉన్నదా అని బండి బండికి తిరుగుతుండె."

జయరత్నం గారూ, ఆ అద్దం నేను పగలగొట్టలేదు. ఈ దసరాకు మీరుండి ఉంటే మీతో బండి బండికీ తిరిగేదాన్ని. ఒక్కదాన్నే తిరిగే ఓపిక నాకు లేదు, అయినా తిరుగుతాను. నాకు తెలియని తప్పులు ఇంకెన్ని ఉన్నాయో, వాటిని పట్టుకోవడానికి మాత్రం మీరు కావాలి.