అంజీర్ కాయ ఇరిచి చూసిన పాపానికి

నవ్వకుండ్రి, నాకసలే మండుతున్నది! నిన్న మా ఇంటెనుక అంజీర్ చెట్టుకు నేనే డాక్టర్నయిన. చెట్టు మీద ఒక్క కాయ మిగల్లే.

మా అత్తకు రక్తం తక్కువున్నదని దవాఖానల చెప్పిండ్రు. అంజీర్ తినిపియ్యమన్నరు. నా పెండ్లాం రాజమణి తన తల్లి కోసమని ఒక్కొక్క కాయను కండ్లల్ల పెట్టుకొని చూసుకున్నది. ఇంకో వారంల పండుతయని ఎస్టీడీ బూతుకు పోయి, "అమ్మా, వచ్చి నాలుగొద్దులుండు" అని వేల్పూర్‌కు ఫోన్ గూడ చేసింది.

గంతల నిన్న పొద్దుగాల చెట్టు కింద నాలుగు కాయలు రాలి ఉన్నయ్. కోపం నెత్తికెక్కింది. రాలినయంటే పురుగే! నేనుండంగ పురుగెట్ల వడ్తది?

నా పని మీకెరుకే గదా. మార్కెట్ యార్డుల పసుపు కొమ్ము పటుక్కున ఇరిచి, లోపల చూసి, మాల్ ఎసుంటిదో చెప్పేటోన్ని. గట్లనే రాలిన కాయను ఇరిచిన. అబ్బో! లోపలంత సన్నగ, ఎర్రగ, పోగులు పోగులు!

"పురుగులే రాజమణీ, కుప్పలు కుప్పలు!"

"ఆగయ్యా, వ్యవసాయ ఆఫీసర్నడుగుదాం."

"ఇరిచి చూసినంక ఇంకెవర్ని అడుగుడు?"

చెట్టుదొకటి తెంపి ఇరిచిన. గదే! ఇంకొకటి. గదే! మొక్క అమ్మినోన్ని బద్మాష్ అని తిట్టుకుంట తిట్టుకుంట కొమ్మలన్ని ఊడ్చిన. జామ చెట్టుకు అంటుకుంటదని కాయలన్ని ఇనుప బకెట్ల ఏసి గ్యాస్ నూనె పోసి కాలవెట్టిన. ఒక్క ముక్క మాత్రం రుజువుకు దాచి, వ్యవసాయ ఆఫీసర్ను స్కూటర్ మీద ఎక్కించుకొచ్చిన.

ఆయన ముక్కను చూసిండు, నన్ను చూసిండు.

"పురుగులేడున్నయన్నా? గివి పువ్వులు. అంజీర్‌కు పువ్వు కాయ లోపలనే పూస్తది."

"లోపల పువ్వేంది సారు! నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా?" అని ఆయన మీదికే లేసిన.

ఆయన వంగి మొదట్ల మట్టి పిసికిండు. "బురదున్నది. నీళ్లెక్కువై రాలినయ్. ఎవరు పోస్తున్నరు?"

రాజమణి నా దిక్కు చెయ్యి చూపింది. రెండు పూటల పైపు పెట్టేది నేనే మరి.

"జర నీళ్లు తగ్గించుండ్రి, మిగిలినయి ఆగుతయ్" అని తలెత్తిండు. పైన ఆకులే ఉన్నయ్.

గప్పటి సంది రాజమణి నాతోని మాట్లాడుత లేదు. ఇయ్యాల అత్త బస్సు దిగి, సంచి గూడ కింద పెట్టకముందే చెట్టు కాడికి పోయింది.

"కాయలేవే బిడ్డా?"

"నీ అల్లున్నే అడుగు" అన్నది రాజమణి.

నిజం చెప్పాలంటే నోరు రాలే. "పురుగు వట్టిందత్తమ్మా" అన్న.

అత్త కొమ్మ కొమ్మ వంచి చూసింది. "గదేం పురుగు అల్లుడా? పురుగైతే సగం తిని సగమన్న ఇడిచిపెడ్తది గదా!"

మస్తు కోపమొచ్చింది. ఇంట్ల ఎవరి మీద లెవ్వాల్నో తెల్వక గీ చాయ్ దుకాణంకొచ్చి మీ మీద వడ్డ.