మచ్చు బెల్లం

మా మావయ్య కాలు ఉంటుందో పోతుందో రోజూ పొద్దున్నే నేనే చూసి చెప్పాల్సి వచ్చేది. నూతి పక్కన స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఆయన మూత్రం కొన్ని చుక్కలు వేసి కాచేదాన్ని. మందు నీలంగానే ఉండిపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే కొద్దిగా ఉన్నట్టు. పసుపు దాటి ఇటుక రంగుకి వచ్చిందంటే ఒళ్ళంతా చక్కెరే. కాపురానికొచ్చి ఏడాది తిరగని కోడలికి అప్పగించే పనేనా అది? కానీ ఇంట్లో స్కూలు ఫైనలు దాకా చదివింది నేనొక్కదాన్నే. మా ఆయనకి ఆ వాసన పడదు. అత్త ఆ గొట్టం వైపు చూసేది కూడా కాదు. పెరటి గుమ్మంలో నిలబడి, నా మొహం చూసి రంగు తెలుసుకునేది.

అరవైల చివరి సంగతి. మాది గజపతినగరం, బెల్లం వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. రెంటికీ మధ్య ఒక గుమ్మం, దానికో గళ్ళ పరదా. ఆడవాళ్ళం ఆ పరదా దాటి కొట్లోకి వెళ్ళేవాళ్ళం కాదు. అత్త నాకు సొంత మేనత్తే. నేను పుట్టి పెరిగింది శృంగవరపుకోటలోనే అయినా, మా అమ్మా అత్తా ఇద్దరూ మా నాయనమ్మ దగ్గర గరిటె పట్టినవాళ్ళు కాబట్టి, ఈ ఇంటి తిండి నాకు కొత్తగా అనిపించలేదు. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగిన దానికంతటికీ మూలం ఆ వంటలోనే ఉంది.

మావయ్యకి కుడికాలి బొటనవేలి దగ్గర చెప్పు కరిచింది. చెప్పు కరిస్తే ఎవరు పట్టించుకుంటారు? పసుపు పెట్టి ఊరుకున్నాం. వానలు వెళ్ళిపోయినా అది మానలేదు. విజయనగరం తీసుకెళ్తే డాక్టరు పుండు కంటే ముందు మూత్రం అడిగాడు. పూర్వం మూత్రానికి చీమలు పడితే ఈ జబ్బని పోల్చుకునేవారట. మాది బెల్లం కొట్టాయె, చీమలు లేని మూల ఎక్కడుంది గనక! డాక్టరు మాత్రలు రాసి, రోజూ ఇంట్లోనే రంగు చూసుకోమని గాజు గొట్టమూ నీలం మందూ ఇప్పించాడు. పంచదార మానెయ్యమన్నాడు, మిఠాయి ముట్టొద్దన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. రంగు దిగకపోతే పుండు మానదు, పుండు మానకపోతే ముందు వేలు, తరవాత పాదం, ఆ తరవాత మోకాలు అని తన కాలి మీద చేత్తో గీతలు గీసి మరీ చూపించాడు. తిరుగు బస్సులో మావయ్య దారంతా ఆ కాలిని రెండు చేతులా పట్టుకునే కూర్చున్నారు.

ఇంటికి రాగానే అత్త పంచదార డబ్బా తీసి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. కాఫీ చేదుగా తాగడం మొదలుపెట్టారు మావయ్య. రాత్రిళ్ళు అన్నం మానేసి గోధుమ రొట్టె తినేవారు, అదీ సణుక్కుంటూ. మాత్ర ఒక్కపూట తప్పించలేదు. అయినా నా గొట్టంలో మందు ప్రతిరోజూ ఎర్రటి ఇటుక రంగుకే తిరిగేది. దీపం మీద అది బుడబుడ ఉడుకుతూ నీలం నుంచి మెల్లిగా మురికిగా మారుతుంటే గొట్టాన్ని మంట మీంచి తీసి, మళ్ళీ పెట్టి చూసేదాన్ని. అత్త గుమ్మంలోంచే, "ఎర్రేనా?" అనేది. నేను తల ఊపేదాన్ని. ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఈయన ఎక్కడో చాటుగా తింటున్నారని తీర్మానించేసుకున్నాను. సంతకి వెళ్తే వెనక మా ఆయన్ని పంపేదాన్ని. ఉతకడానికి వేసిన చొక్కా జేబులు తడిమేదాన్ని. చివరికి ఒక రోజు మొహం మీదే అడిగేశాను.

"మావయ్యా, నిజం సెప్పండి. ఏటి తింతన్నారు?"

"అన్నం మీదొట్టమ్మీ. పంచదార పలుకు నోట్లో ఏసుకోనేదు."

"మరి రంగెందుకు దిగదు?"

"నీ మందే పాడయిపోనాదేమో సూడు."

అదీ నిజమే కావచ్చుననిపించింది. మర్నాడు ఎవరూ చూడకుండా నా మూత్రమే పోసి కాచాను. మందు చుక్కంత కూడా మారలేదు, నీలంగా నవ్వుతూ కూర్చుంది. మందు మంచిదే. అంటే ఆయన ఒంట్లోకి చక్కెర ఎక్కడినుంచో వస్తోంది. ఎక్కడినుంచో తెలియకపోవడమే నాకు పుండు కంటే ఎక్కువ భయంగా ఉండేది. ఇంట్లో ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసేదాన్ని. మా ఆయన నాకు పిచ్చెక్కుతోందన్నారు. ఎక్కితే ఎక్కనీ అన్నాను.

అలా ఉండగా ఒక రోజు అత్త, "కుండలో బెల్లం అయిపోనాది, కొట్లోంచి ఓ దిమ్మ తెప్పించు," అంది.

మొన్ననే కదా కొత్త దిమ్మ తెప్పించింది! పండగ లేదు, పబ్బం లేదు, ఇంట్లో పాయసం కాచి ఎన్నాళ్ళయిందో. బెల్లం ఏమైపోయినట్టు? అదే అడిగాను.

"ఏటయిపోడమేటే? పులుసులో ఏస్తాం. చారులో ఏస్తాం. ఆవ ఎట్టిన అరటికాయలో, ఆనపకాయలో ఏస్తాం. మీ మావయ్యకి పొద్దున్న చోడంబలిలో కాసింత కలుపుతాను. పాపం, ఉత్తి చోడిపిండి గంజి ఎలాగ తాగుతారు?"

"అత్తా! బెల్లం తీపి కాదేటి?"

"పులుపు విరుగుడికి ఏసింది తీపెలాగవుతాదే? డాకటేరు పంచదార మానీమన్నాడు గానీ బెల్లం మానీమన్నాడా? బెల్లం రక్తం పట్టిస్తాది. మా అమ్మ బాలింతలకి ఎట్టీది."

ఎగిరిపడదామనుకున్నాను. కానీ ఆ పులుసు నేనూ రెండు పూటలా పోసుకు తింటున్నాను. అందులో తీపి ఉందని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. పుట్టినప్పటినుంచీ అదే తిన్న నాలికలు మావి. మాకు అది తీపి కాదు, పులుసు రుచి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగ రోజూ కంచంలోకే వస్తుంటే నేను చొక్కా జేబులు వెతుకుతున్నాను.

మర్నాటినుంచి వంట నేను పట్టుకున్నాను. మొదటిరోజు బెల్లం లేని పులుసు ఇంట్లో ఎవరూ ముద్ద కలపలేకపోయారు. మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. మావయ్య రెండు ముద్దలు తిని, "ఏటమ్మీ, నా కాలు బాగుసేయడానికి నా నోరు తీసీసినావు," అన్నారు. అత్త పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. "అయితే ఇన్నాళ్ళూ నానేనా ఆయనకి ఇసం ఎట్టింది? నా సేత్తో నానేనా?" అని అడిగింది. కాదని చెప్పాలనిపించింది. అవునని అరవాలనీ అనిపించింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

తరవాత్తరవాత ఉపాయం తెలిసింది. చింతపండు సగానికి తగ్గిస్తే పులుపు విరగడానికి బెల్లం అక్కరే ఉండదు. ఆ రాగి అంబలిలో బెల్లం బదులు మజ్జిగ పోసి, ఉల్లిపాయ కొరుక్కోమంటే మావయ్య అలవాటుపడ్డారు. గొట్టంలో ఇటుక రంగు పసుపయింది. పసుపు లేతబడింది. మొదటిసారి ఆకుపచ్చ చూసిన పొద్దున్న దీపం ఆర్పడం కూడా మరిచిపోయి వంటింట్లోకి పరిగెత్తాను. అత్త నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పుండు అంచులు ఆరడం మొదలుపెట్టాయి.

అంతలో చెరకు గానుగలు ఆడే రోజులొచ్చాయి. కొట్టు ముందు కొత్త బెల్లం బళ్ళు దిగసాగాయి. నా గొట్టం మళ్ళీ ఎర్రబడింది.

ఈసారి వంట నాది, వడ్డన నాది, కుండలో బెల్లం లేదు, అయినా ఎర్రే. బొటనవేలి కొస నల్లబడింది. విజయనగరంలో డాక్టరు కట్టు విప్పి, ఆ వేలు నొక్కి చూశాడు. ఇంకోసారి ఇలాగే వస్తే వేలు తీసెయ్యాలి, అప్పటికీ దిగకపోతే పాదం మాట తను చెప్పలేనన్నాడు. మావయ్య వింటూనే ఉన్నారు.

ఆ తరవాతి సంత రోజు, మజ్జిగ గ్లాసు అందిద్దామని పరదా దాకా వెళ్ళాను. బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. మావయ్య కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని కూర్చున్నారు. ఒక రైతు దిమ్మ పగలగొట్టి, నడిమిలోంచి ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన నోట్లో వేసుకుని, చప్పరించి, మింగి, "ఊఁ" అన్నారు. అప్పుడు గానీ బేరం మొదలవలేదు. వెనక బండివాడు ఇంకో ముక్క ఇచ్చాడు. ఆ వెనకవాడు మరొకటి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని చూశాను గానీ, ఇలా పట్టపగలు నలుగురి ఎదుటా తాగేదాన్ని ఎక్కడా చూడలేదు.

"మావయ్యా!" అని పరదా వెనకనుంచే అరిచాను. బజారంతా తిరిగి చూసి ఉంటుంది.

"ఏటమ్మీ, ఏటయింది?" అని ఆయన కంగారుగా లోపలికి కుంటుకుంటూ వచ్చారు.

"బెల్లం తింతన్నారు!"

"తినడమేటి?" అన్నారు ఆయన, నిజంగానే అర్థంకాక. "అది మచ్చు కదా."

సరుకు ఎలాంటిదో చూడడానికి తీసే ముక్కని మచ్చంటారు. కుర్రతనం నుంచీ ఆయన చేస్తున్న పని అది. ఆయన లెక్కలో అది తిండి కాదు. తక్కెడ రోజూ బెల్లం మోస్తుంది, తక్కెడ బెల్లం తిందని ఎవరైనా అంటారా? అన్నం మీద ఆయన పెట్టిన ఒట్టులో అబద్ధం లేదు. అదే నాకు మరీ ఏడుపొచ్చింది. అబద్ధమాడే మనిషయితే తిట్టి మాన్పించొచ్చు.

"మచ్చు సూడకుండా కొనండి," అన్నాను.

"రైతు ఇచ్చిన మచ్చు పుచ్చుకోనంటే, నీ సరుకు నోట్లో ఎట్టుకోడానికి పనికిరాదన్నట్టే కదమ్మీ. బండి మళ్ళించుకు పోతాడు. మళ్ళీ మన గుమ్మం తొక్కడు."

మా ఆయన్ని చూడమందామంటే జర్దా కిళ్ళీతో ఆయన నాలిక ఏనాడో మొద్దుబారిపోయింది. చప్పరించి ఉమ్మెయ్యమన్నాను. మావయ్య నా మాట విని అలాగే చేశారు. ముక్క ఇచ్చిన రైతు మొహం మాడిపోయింది. "నా బెల్లం ఉమ్మీసినారేటి బాబూ?" అన్నాడు. అన్నట్టుగానే బండి పక్క కొట్టుకి తిప్పాడు. ఆ తరవాత మావయ్య మళ్ళీ మింగడం మొదలుపెట్టారు. నేను పరదా వెనక నిలబడి ఒక్కో ముక్కా ఆయన నోట్లోకి వెళ్ళడం చూసేదాన్ని. ఒక్కో ముక్కకీ ఆ కాలు కాస్త కాస్త తెగిపోతున్నట్టే ఉండేది నాకు.

అత్త ఇదంతా వింటూనే ఉంది. పులుసు గొడవ జరిగిన దగ్గర్నుంచి ఆమె నోరు తగ్గిపోయింది. తరవాతి సంత రోజు నా పక్కనే నిలబడి పరదా సందులోంచి చూస్తోంది. మొదటి బండి రైతు ముక్క తీసి చెయ్యి చాపాడు. మావయ్యా చెయ్యి చాపారు. నా పక్కనున్న మనిషి పరదా తోసుకుని కొట్లోకి నడిచింది.

"ఇలాగియ్యి నాయనా," అంది అత్త. "ఆయన నోరు బాగోనేదు. నాను సూస్తాను."

రైతు తెల్లబోయాడు. మావయ్య చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. అత్త ముక్క నోట్లో వేసుకుని చప్పరించింది.

"పాకం ముదిరిపోనాది. కాస్త అడుగంటినాది కూడా. కాదేటి?"

రైతు బుర్ర గోక్కున్నాడు. "పొయ్యి కాడ కునుకు పట్టీసినాది తల్లీ," అన్నాడు. బళ్ళ దగ్గర ఎవరో నవ్వారు. బేరం మొదలయింది. ఉడికే పులుసులో వేసి వేసి బెల్లం గుణం తెలుసుకున్న మనిషి ఆమె. ఆ పూట ఒక్క బండీ వెనక్కి తిరగలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన గింజుకున్నారు. "అమ్మా, ఊళ్ళో ఏటనుకుంటారే?"

"కాలు నేని మొగుడి కంటే సిగ్గు నేని పెళ్ళాం మేలనుకుంటారు. నోరు మూసుకు తిను," అంది అత్త.

బొటనవేలు దక్కలేదు. ఆలస్యమైపోయింది. కానీ పాదం నిలిచింది. గొట్టంలో నీలం కనిపించే రోజులు మెల్లిగా పెరిగాయి. అయినా దీపం వెలిగించిన ప్రతిసారీ నాకు భయం వేస్తూనే ఉండేది.

బెల్లం దిగినన్నాళ్ళూ మచ్చు అత్తే చూసింది. మావయ్య వెనక బల్ల మీద కాలు చాపుకుని, బళ్ళ వైపు కాకుండా ఆమె నోటి వైపు చూస్తూ కూర్చునేవారు. ఒక రోజు ఆఖరి బండి ఖాళీ అయి వెళ్ళిపోయింది. తేనె రంగు సరుకది. దాని వాసన పరదా దాటి నా దాకా వచ్చింది. ఆ ఏడు అంత మంచి బెల్లం మా కొట్లోకి రాలేదు. మావయ్య కాసేపు తటపటాయించి, చిన్న గొంతుతో అడిగారు.

"ఎలాగున్నాది?"

అత్త కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏటుంటాది? ఒట్టి మన్ను."

వాసనతోనే సరుకు చెప్పగల మావయ్య ఆమె వైపు చాలాసేపు చూశారు.

"అవునే," అన్నారు. "ఈ ఏడు పంటే బాగోనేదు."