ఏ క్యాంపుల ఉన్నవ్?

పిల్లల దగ్గర ఫోన్లు గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేసే టీచర్ని నేను. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. అలాంటిదాన్ని నలభై దాటాక ఫోన్లో ఆట ఆడాలా వద్దా అని నెలల తరబడి ఆలోచించానంటే ఎవరైనా నవ్వుతారు. మా స్టాఫ్‌రూములో నవ్వారు కూడా. "పోరగాళ్ళను తిడుతరు, మీరే ఆడుతరా మేడం?" అని లెక్కల టీచరు అడిగితే నేను పేపర్ల కట్ట తీసి ముందేసుకున్నాను.

ఆడమన్నది మా ఆయన. అప్పటికి ఆయన గల్ఫ్‌కు పోవడం అది రెండోసారి, కరెంటు పని. ఆ దేశంలో మనం ఇక్కడ చేసుకునే వీడియో కాల్ కలవదు, కలవనివ్వరు. కార్డు కొనుక్కుని మామూలు ఫోను చేస్తే నాలుగు మాటలకే అయిపోతుంది. తింటివా, తిన్న, బిడ్డ మంచిగున్నదా, మంచిగున్నది, అంతే. అసలు చెప్పాల్సిన మాట గొంతులో ఉండగానే కట్టయ్యేది. ఒకరోజు ఆయనే ఉపాయం చెప్పాడు.

"ఫోన్ల ఒక ఆటున్నది. ఇద్దరం కలిసి ఆడుకుంట అందుట్లనే మాట్లాడుకోవచ్చు. ఎంతసేపైన పైస పడది. గీడ మావోళ్ళందరు ఇంటోళ్ళతోని గట్లనే ముచ్చట పెడుతున్నరు."

"నేను టీచర్ను. ఆటలాడుకుంట కూసోవాల్నా?"

"గందుకే చెప్తున్న. నువ్వైతే జల్ది నేర్చుకుంటవ్."

మా బిడ్డ జగిత్యాలలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేది. శనివారం బస్సుకు ఇంటికి వస్తే ఆట నా ఫోన్లో ఎక్కించింది. "అమ్మా, గిది లోకమంత నాశనమైనంక బతికే ఆట" అంది. పెద్ద యుద్ధం జరిగిందట. ఊళ్ళన్నీ పాడుబడ్డాయట, నీళ్ళు లేవట. మిగిలినవాళ్ళు ఖాళీ ఇళ్ళలో దొరికే డబ్బాలో తిండి, సీసాలో నీళ్ళు, మందుగోళీలు ఏరుకుంటూ బతకాలి. దేశదేశాలవాళ్ళు ఒకేసారి అందులో తిరుగుతుంటారు. మనకు కావలసినవాళ్ళతో జట్టు కడితే వాళ్ళ గొంతు మనకూ మన గొంతు వాళ్ళకూ వినబడుతుంది.

నాకు చిరాకేసింది. నా పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. సాంచెలు ఆగిపోయిన ఏడు మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. కొందరు భివండి పోయారు, కొందరు సూరత్ పోయారు, కొందరిని గురించి ఇప్పటికీ గట్టిగా మాట్లాడుకోరు. కోరుట్లకు కోడలుగా వస్తే ఇక్కడ ఇళ్ళకు కొత్త రంగులున్నాయి, లోపల మగవాళ్ళు లేరు. తాళం పడ్డ ఇళ్ళు, ఎండిన కాలువ, బిందె నీళ్ళకు తగాదా, ఇవన్నీ చూడటానికి నేను డేటా ఖర్చు పెట్టుకోవాలా అని మా బిడ్డను అడిగాను. అది నవ్వి, నా బొమ్మకు ప్యాంటూ నల్లద్దాలూ తొడిగింది.

మొదటి నెల నేను ఆడానని చెప్పడం అబద్ధమే. బొమ్మను ఎటు నడిపినా అది గోడకు పోయి గుద్దుకునేది. ఫోను ఇస్త్రీపెట్టెలా కాలేది. ఆయన బొమ్మ ముందు నడుస్తూ, ఆగి, వెనక్కి తిరిగి చూస్తూ ఉండేది. పెళ్ళయిన కొత్తలో సిరిసిల్ల బజారులో కూడా ఇలాగే ముందు నడిచి ఆగేవాడు. ఆ సంగతి గుర్తుచేస్తే, "అప్పుడు గూడ నువ్వు గోడలకే గుద్దుకుంటివి" అన్నాడు. కడుపుబ్బా నవ్వుకున్నాం. అంతసేపు ఇద్దరం కలిసి నవ్వడం ఎన్నేళ్ళకో.

ఖాళీ ఇళ్ళ దగ్గర మాత్రం మాకు తగాదా వచ్చేది. ఆటలో ఏ తలుపునైనా తన్ని తెరవచ్చు. నాకు కాలు ఆడేది కాదు.

"ఎవరన్న ఉన్నరా?" అని ఫోన్లోకి గట్టిగా అరిచేదాన్ని.

"ఎవ్వరు లేరే. తన్ను తలుపు."

"ఎవలిల్లో ఏమో."

"ఎవలిల్లు గాదు, బొమ్మల ఇల్లు!"

చివరికి తనే తన్నేవాడు. నేను లోపలికి పోయి డబ్బాలు ఏరుకుని, వచ్చేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వచ్చేదాన్ని. తలుపు వేస్తే ఆటలో ఏ లాభమూ రాదని మా బిడ్డ చెప్పింది. లాభం సంగతి తర్వాత, తెరిచిన తలుపు తెరిచినట్టే వదిలి వస్తే నాకు ఆ పూట అన్నం సయించదు.

అయినా ఆట ఆడదగ్గదా కాదా అన్నది తేలలేదు. దిద్దాల్సిన పేపర్లు కట్టలు కట్టలుగా పడి ఉండేవి. కళ్ళు మండేవి. పనికొచ్చే విషయం ఒక్కటీ నేర్పని ఆట అని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. కానీ ఆడినంతసేపూ ఆయన మాట వినబడేది. పక్కింటి గోడ సంగతి, బిడ్డ ఫీజు సంగతి, వంకాయ ధర, కారణం లేని ముచ్చట్లు. కార్డు ఫోనులో అవేవీ పట్టేవి కావు. ఆపేసే ముందు ప్రతిసారీ ఆయన ఒకటే మాట అనేవాడు.

"ఇగ నేను క్యాంపుల ఉన్న. ఫికర్ చెయ్యకు."

గల్ఫ్‌వాళ్ళ ఇళ్ళలో క్యాంపు అంటే కంపెనీవాళ్ళు ఇచ్చిన గది. ఒకదానిపై ఒకటి మంచాలు, వేళకు తిండి, పొద్దున్నే పనికి తీసుకుపోయే బస్సు. మనిషి క్యాంపులో ఉన్నాడంటే పని ఉంది, జీతం ఉంది, పట్టుకుపోయేవాళ్ళు లేరు అని అర్థం. ఆ ఒక్క మాట వింటే నాకు నిద్ర పట్టేది. ఎవరైనా అడిగినా అదే చెప్పేదాన్ని, క్యాంపుల ఉన్నడు, మంచిగున్నడు అని.

ఆటలో నాకు వింతగా తోచింది ఒకటే. పెద్ద రోడ్డు మీద ఒక గేటుంది. యూనిఫాం వేసుకున్న బొమ్మలు కాపలా ఉంటాయి. వాటిని ఎవరూ ఆడించరు, అవి ఆటలోవే. అక్కడికి పోతే ఉచితంగా నీళ్ళు, మందులు ఇస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అక్కడికే పోవాలని మా బిడ్డ చెప్పింది. మా ఆయన మాత్రం నన్ను ఎప్పుడూ ఎండిన కాలువలోంచి చుట్టు తిప్పి తీసుకుపోయేవాడు. దూరంగా బండి దీపాలు కనబడితే గోడ చాటుకు పోయి నిలబడేవాడు. "గేటు దిక్కు పోవద్దు. మంది ఎక్కువుంటరు" అనేవాడు. మందిని చూస్తే ఈయనకుండే భయం ఆటలో కూడా పోలేదని నవ్వుకున్నాను.

మార్చి నెల నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరేదాన్ని. అన్నం తిని, ఒకరోజు ఊరికే ఆట తెరిచాను. మనవాళ్ళు అందులో ఉంటే పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. ఆయన పేరు పక్కన వెలుగుతోంది. అక్కడ అప్పటికి ఇంకా పన్నెండు కూడా కాలేదు, పని మీద ఉండాల్సిన వేళ. సెలవేమో అనుకున్నాను. మర్నాడూ పచ్చ చుక్కే. ఆ మర్నాడూ అంతే. బడిలో పాఠం చెబుతున్నా అదే నా తలలో తిరిగేది.

ఎప్పుడూ రాత్రిపూటే కలిసేవాళ్ళం, నేను మధ్యాహ్నం రావడం ఆయన ఊహించలేదు. జట్టులో కలిసి, "పనికి పోలేదా?" అని అడిగాను.

"ఇయ్యాల జర తల నొస్తున్నది."

గొంతు మరీ చిన్నగా ఉంది. ఇంకేదో అనబోతుంటే అక్కడ ఆయన గది తలుపు మీద దబదబ కొట్టిన చప్పుడు వినిపించింది. ఆయన మాట ఆగిపోయింది. ఆయన బొమ్మ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఊపిరి తీసిన చప్పుడు కూడా లేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. కాసేపటికి, "పోలీసులు గాదు. పక్క రూమాయన" అన్నాడు.

పోలీసుల మాట నేను ఎత్తలేదు.

అప్పుడు చెప్పాడు. "నేను ఖల్లివెల్లి అయిన."

ఖల్లివెల్లి అంటే అరబ్బీలో వదిలెయ్, పోనివ్వు అని. మా వైపు ఆ మాటకు అర్థం వేరు. కంపెనీని విడిచి, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే వదిలేసి, కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాడిని ఖల్లివెల్లి అంటారు. మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట అది. కంపెనీ నెలల తరబడి జీతాలివ్వలేదట. అడిగితే ఇంకో చోటికి పంపుతామన్నారట. నలుగురు కలిసి బయటపడ్డారట. దొరికిన రోజు పని, దొరకని రోజు గదిలో పడి ఉండటం.

"మరి రోజు క్యాంపుల ఉన్న, క్యాంపుల ఉన్న అంటివి?"

"ఉన్న గద." అన్నాడు. "గీ క్యాంపుల."

ఫోన్లోకి చూశాను. ఆటలో ఆయన పడుకునే జాగా ఒకటుంది, రేకుల పందిరి, మంట పెట్టిన డ్రమ్ము. ప్రతిసారీ ఆపేసే ముందు ఆయన బొమ్మను తెచ్చి అక్కడ కూర్చోబెట్టేవాడు. నాతో అబద్ధం చెప్పలేక, బొమ్మను క్యాంపులో కూర్చోబెట్టి నిజమే చెప్పాడన్నమాట. నాకు ఏడుపు రాలేదు, వొళ్ళు మండింది. నేను బొమ్మ క్షేమం విని నిద్రపోయాను ఇన్నాళ్ళూ.

"నీ బొమ్మను పెండ్లి చేసుకోలేదు నేను. నిన్ను చేసుకున్న" అని ఫోను మంచం మీదికి విసిరేశాను.

శనివారం మా బిడ్డ వచ్చింది. ఆట తీసెయ్యమని ఫోను చేతికిచ్చాను. సంగతంతా విని అది ఫోను పట్టుకునే కూర్చుంది. "తీసేస్తే బాపు ఏడ దొరుకుతడు?" అంది. కార్డు కొనడానికి ఆయన బజారుకు పోవాలి, బజారుకు పోతే పట్టుకుంటారు. గదిలో కూర్చుని మాతో మాట్లాడటానికి మిగిలింది ఈ ఆట ఒక్కటే. ఆడదగ్గదా కాదా అన్న ప్రశ్న అలా మా చేతుల్లోంచి పోయింది. ఆయన్ను అక్కడినుంచి ఎట్లా కదిలించాలి అన్నదే మిగిలింది.

మన ఎంబసీకి పోతే ఔట్‌పాస్ అని ఒక కాగితం ఇస్తారు. పాస్‌పోర్టు లేనివాడు దాని మీద ఇంటికి రావచ్చు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. భయం వల్ల పోలేదు. ముందు లోపలేస్తారేమోనని ఒకటి, ఉత్త చేతులతో కోరుట్ల బస్టాండులో దిగాల్సి వస్తుందని ఇంకొకటి. రెండోదే పెద్ద భయమని నాకు తెలుసు. ఎంత చెప్పినా సరే, చూద్దాం, వచ్చే నెల అని దాటేసేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆటలో కలిశాం. మా బిడ్డ నా పక్కనే కూర్చుంది. ఆయన మామూలుగా కాలువ దిక్కు తిరిగాడు. నేను తిరగలేదు. అప్పటికి బొమ్మను గోడలకు గుద్దకుండా నడపడం నాకు వచ్చింది.

"నేను గేటు కాడికి పోతున్న. నా ఎంబడి రా."

"వద్దే. గటు పోవద్దన్న గద."

"నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత."

పెద్ద రోడ్డెక్కి నడిచాను. చాలాదూరం పోయాక మా బిడ్డ నా మోచేయి పొడిచింది. ఆయన బొమ్మ గోడల చాటు వదిలి నా వెనక రోడ్డు మీద వస్తోంది. ఇన్నాళ్ళూ ఆయన ముందు, నేను వెనక. గేటు దగ్గర యూనిఫాం బొమ్మ ఇంగ్లీషులో ఏదో అని ఇద్దరికీ చెరో నీళ్ళ సీసా ఇచ్చింది. లోపలికి పొమ్మని చెయ్యి ఊపింది.

"గింతేనా?" అన్నాడాయన.

"గింతే."

"అసల్ది గిట్లుండదే."

"ఎర్కే. అయిన పో. ఒక్కనివి పోకు, నీ ఎంబడి బయటపడ్డోళ్ళను తీస్కపో. బస్టాండుకు మేమిద్దరం వస్తం. ఎవలేమంటరో నేను చూస్త."

"బాపూ, రాయే" అంది మా బిడ్డ. అవతల ఆయన ముక్కు చీదుకోవడం వినబడింది.

తర్వాత కొన్నాళ్ళు పచ్చ చుక్క వెలగలేదు. ఫోను లేదు, ఏమీ లేదు. తొందరపెట్టి నేనే జైల్లో వేయించానేమోనని పూటకోసారి ఆట తెరిచి చూసేదాన్ని. ఎండాకాలం సెలవులకు ముందు ఒకరోజు, పరీక్ష గదిలో కాపలా ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. వరండాలోకి పరుగెత్తాను.

"నేనే. ఎవలిదో ఫోన్. క్యాంపుల ఉన్న."

ఆ మాటతో నేను ఊరుకోదలచలేదు.

"ఏ క్యాంపుల ఉన్నవ్?"

"ఇంటికి తోలిచ్చే క్యాంపుల. ఔట్‌పాస్ చేతికచ్చింది. టికెట్ అయినంక చెప్త" అన్నాడు. నాలుగు మాటలే, కట్టయింది. ఈసారి ఆ నాలుగు మాటలూ సరిపోయాయి.

ఆ సాయంత్రం ఆట తెరిచాను. గేటు లోపల ఆయన బొమ్మ లేదు, రేకుల పందిరి కింద లేదు. పేరు పక్కన చుక్క ఆరిపోయి బూడిద రంగులో ఉంది. అది వెలగనందుకు నేను అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు.