రైలుబస్సు దిగి గేటు వేసిన మనిషి

నేను కాకినాడలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. తీరిక దొరికితే చిన్న రైళ్ళు తయారుచేస్తాను. ఆడుకునే బొమ్మలు కావు; అసలు రైలును కొలిచి, ప్రతి కొలతనూ ఎనభై ఏడో వంతుకు తగ్గించి చేసే నమూనాలు. ఆ లెక్కన మనిషి రెండు సెంటీమీటర్లుంటాడు. కొబ్బరిచెట్టు జానెడుంటుంది.

మొదట్లో మా చర్చిలో ఆడవాళ్ళు ఇదంతా మా మేనల్లుడి కోసమనుకున్నారు. "కాదండి, నాకే" అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఇప్పుడు వాళ్ళే ఐస్‌క్రీం పుల్లలు కడిగి, రబ్బరు బ్యాండు చుట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక తెచ్చిస్తున్నారు. వాటిని సన్నగా చీలిస్తే పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లవుతాయి. గోదారి ఇసుకను టీ వడకట్టే జాలీలో జల్లిస్తే పైన మిగిలేది కంకర. కొబ్బరిపీచు కత్తిరించి ఆకుపచ్చ రంగులో ముంచితే గట్టు మీద గడ్డి.

ఆ మధ్య రాజమండ్రిలో ఒక కల్యాణమండపంలో ఇలాంటి సరదా ఉన్నవాళ్ళందరం కలిసి రెండు రోజుల ప్రదర్శన పెట్టాం. నేను రామచంద్రపురం దగ్గరి ఒక చిన్న హాల్టు స్టేషనును చేసి తీసుకెళ్ళాను. కాకినాడ నుంచి కోటిపల్లి వెళ్ళే ఆ లైనులో ఒకప్పుడు ఒంటి బోగీ రైలుబస్సు తిరిగేది. చూడ్డానికి బస్సులాగే ఉండి పట్టాల మీద నడిచేది. నా నమూనాలో అది దగ్గరికి రాగానే రోడ్డుకు అడ్డంగా గేటు దానంతటదే పడేలా చిన్న మోటారు అమర్చాను. అందుకు మూడు వారాలు పట్టింది. ఎవరైనా అడిగితే బాగుండునని తెగ ఉబలాటంగా ఉంది నాకు.

ఎవరూ అడగలేదు. జనమంతా పక్క బల్ల దగ్గరే. అక్కడ మంచుకొండలు, సొరంగాలు, ఎర్రటి విదేశీ రైలు. చేసినాయన పళ్ళ డాక్టరు. కొండలకు వాడింది పళ్ళ అచ్చులు తీసే ప్లాస్టరేనట. మావారు కుర్చీలో కూర్చుని, "మనం కూడా ఒక కొండ పెట్టాల్సింది" అన్నారు.

"రామచంద్రపురంలో కొండెక్కడుందండీ?" అన్నాను కాస్త విసురుగా.

మొదటిరోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. వంగి నా రైలుబస్సును రెండు చుట్లు తిరిగేదాకా చూశారు. అమ్మయ్య, ఇప్పటికి ఒకరు దొరికారనుకుని, మోటారు గురించి మొదలుపెట్టబోయాను.

"గేటు దానంతటదే పడిపోతుందేంటమ్మా? మనిషేడండి?"

"ఏ మనిషండీ?"

"నేనేనండి!" అన్నారాయన.

ఆయన ఆ రైలుబస్సులో పనిచేసి రిటైరయ్యారట. ఆ గేటు దగ్గర కాపలా ఎవరూ ఉండేవారు కాదు. బస్సు ఆగితే ఆయన దిగి, రోడ్డు మీద వచ్చేవాళ్ళను ఆపి, గేటు వేసేవారు. బస్సు దాటి అవతల ఆగేది. ఆయన మళ్ళీ గేటు తీసి, పరుగెత్తుకెళ్ళి ఎక్కేవారు.

ఆయన అంతటితో ఊరుకోలేదు. గొడుగును గేటులా అడ్డం పెట్టి, అక్కడున్న వాళ్ళను సైకిళ్ళవాళ్ళని చేసి ఆపి, తీసి, పరుగెత్తి చూపించారు. మంచుకొండల దగ్గరి జనం ఇటు తిరిగారు. నాకు ముఖం ఎర్రబడింది. ఆ హాల్టంతా టేపు పట్టుకుని కొలిచాను. ప్లాట్‌ఫాం బల్లకు ఎన్ని చెక్కలున్నాయో లెక్కపెట్టాను. మనిషిని మాత్రం వదిలేశాను.

సంచిలో పైపులు అతికించే ముద్ద ఉంది. అక్కడే కూర్చుని, సన్నటి తీగ మీద ఆ ముద్ద పెట్టి రెండు సెంటీమీటర్ల మనిషిని చేయడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ పక్కనే నిలబడ్డారు.

"పొట్ట కొంచెం తగ్గించండమ్మా. అప్పట్లో సన్నగా ఉండేవాణ్ణి."

"ఎంత సన్నగానండీ?"

ఆయన చుట్టూ చూసి మావారిని చూపించారు. "ఆయనకన్నా సన్నమేనండి."

మావారు పొట్ట లోపలికి పీల్చుకున్నారు. పళ్ళ డాక్టరుగారు తన బల్ల వదిలేసి వచ్చి, పళ్ళు గీకే సన్నటి పరికరంతో ఆ మనిషికి చొక్కా కాలరు గీసిపెట్టారు.

గేటు మోటారు తీగ పీకేశాను. బస్సును గేటు ముందు ఆపడం, వేలితో గేటు వేయడం, మనిషిని ఇటు నుంచి అటు పెట్టడం, అన్నీ చేత్తోనే. ఆ పని నాకు దక్కలేదు. పెద్దాయన బస్సును నడిపే కంట్రోలరు తీసుకుని ఆ సాయంత్రమూ, మర్నాడంతా నడిపారు. "ఆగండి, ఆగండి, బండొస్తోంది!" అని ఆయన కేకేస్తుంటే, పిల్లలతో పాటు తల్లులు కూడా నిజంగానే ఆగేవారు. మూడు వారాల మోటారు బల్ల కింద పడుంది. నాకేమీ బాధనిపించలేదు.

నెల తిరక్కుండానే పెద్దాయన ఫోన్ చేశారు. "అసలు గేటు చూద్దురుగాని రండమ్మా" అని. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన, మావారు, నేను ముగ్గురం కారులో వెళ్ళాం. రైలుబస్సు తిరగడం మానేసి చాలా కాలమైంది. గట్టు పక్కన ధాన్యం ఎండబోసి ఒకామె కాలితో తిరగేస్తోంది. పెద్దాయన తాను నిలబడే చోటు, పరుగెత్తే దారి చూపిస్తున్నారు. నేను ఫోటోలు తీస్తున్నాను.

ఆమె కాసేపు చూసి దగ్గరకొచ్చింది. "ఏవండీ, మీరు రైలుబస్సాయన కాదా?"

"ఆయ్! నేనేనమ్మా" అన్నారాయన, చొక్కా సర్దుకుంటూ.

"మా మేకల్ని రోజూ తిట్టేవోరు కదండీ! గేటేసి, ముందు వాటిని పట్టాల మీంచి తోలి, అప్పుడు కదా బస్సెళ్ళేది."

నేను ఆయన వైపు తిరిగాను. "మేకల సంగతి చెప్పనేలేదేంటండీ?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "డ్యూటీలో మేకల్ని తోలానని ఏం చెప్తానమ్మా, అంతమందిలో?"

ఆమె పగలబడి నవ్వింది. ఎన్ని మేకలో, ఏ రంగువో అడిగి రాసుకున్నాను. నాలుగు. రెండు నల్లవి, ఒకటి గోధుమరంగు, ఇంకోటి మచ్చలది. ఎప్పుడూ ఆ మచ్చలదే పట్టాల మధ్య పడుకుని లేచేది కాదట. సోమవారం బడి నుంచి రాగానే తీగ, ముద్ద తీసి ముందు దాన్నే చేయడం మొదలుపెట్టాను.