రత్న పస్తు పెట్టలేకపోయిన బాక్టీరియా

2023 మార్చి, అనంతపురం. మైక్రోబయాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు కాలేజీ ప్రయోగశాలకు వెళ్లి పిల్లల ప్రయోగాల లెక్కలు సరిచూసేదాన్ని.

వేరుశనగ పొట్టు నుంచి తీసిన చక్కెరను క్లాస్ట్రిడియం అనే బాక్టీరియాకు మేతగా వేస్తే బ్యూటనాల్ వస్తుంది. రంగుల తయారీలో వాడే సాల్వెంట్ అది. మడకశిర అమ్మాయి రత్న, ఆ పని చేసే జన్యువు ముందు కొత్త ప్రొమోటర్ అతికించింది. జన్యువు ఎంత జోరుగా పనిచేయాలో నిర్ణయించే చిన్న డీఎన్ఏ ముక్కే ప్రొమోటర్. రెండేళ్ల కష్టం. మొదట్లో బ్యూటనాల్ బాగా వచ్చింది, తర్వాత ఆగిపోయింది. నెలాఖరులోగా మళ్లీ రాకపోతే ఆ ముక్కను వదిలేయమన్నాడు ఆమె రీసెర్చ్ గైడ్.

"నా ముక్కే మంచిది కాదేమో మేడం," అంది రత్న.

రెండు గొట్టాలు తెరిపించాను. ఆమె ముక్క ఉన్నదాంట్లోనే కాదు, పోల్చడానికి పెట్టిన, ముక్క లేనిదాంట్లోనూ మురిగిన నెయ్యి వాసనే. బ్యూటనాల్‌కు ముందు తయారయ్యే ఆమ్లం వాసన అది; రెండూ అక్కడే ఆగిపోయాయి. అంటే తప్పు ముక్కది కాదు.

"కొత్త మేతలోకి ఎప్పుడెప్పుడు మారుస్తావు?"

"దినామూ. ఆదివారం కూడా వచ్చి మార్చిపోతా."

"ఆదివారం ఎందుకే?"

"ఆకలితో ఉంటాయి కదా మేడం. గొర్రెపిల్లల్ని పస్తు పెడితే మా నాయన మాకు కూడు పెట్టడు."

నవ్వాపుకున్నాను. ఈ బాక్టీరియాలో సాల్వెంట్ జన్యువులు విడిగా ఒక డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. ఆమె ముక్క కూడా దాని మీదే ఉంది. మేతకు కొదవ లేకుండా రోజూ మారుస్తూ పోతే ఆ వలయం కణం నుంచి జారిపోతుంది. ఆకలి వేస్తేనే కణం గట్టి పెంకు కట్టుకుని, వలయంతో సహా స్పోరుగా మారి నిద్రపోతుంది.

ముక్క అతికించిన మొదటి వారంలోనే నేను పట్టుబట్టి ఎండు మట్టిలో దాపించిన రెండు రకాల స్పోర్లూ ఉన్నాయి. వాటిని వేడి నీళ్లలో పెట్టమన్నాను.

"ఎనభై డిగ్రీలా? సస్తాయి మేడం."

"మామూలు కణాలు చస్తాయి. స్పోర్లు మేలుకుంటాయి. పెట్టు."

మొహం అటు తిప్పుకుని పెట్టింది.

మేలుకున్నవాటిని కొత్త మేతలో వేసి, మళ్లీ మార్చకుండా వదిలేశాం. సోమవారం మూత తీస్తే ఘాటుగా, మాగిన అరటిపండు లాంటి వాసన. మూడుసార్లు కొలిపించాను. మూడుసార్లూ ఆమె ముక్క ఉన్నదాంట్లోనే బ్యూటనాల్ ఎక్కువ.

"వచ్చినాయి మేడం," అని గొట్టాన్ని గుండెకు ఆనించుకుంది.

ముక్క నిలిచింది. ముక్కను తప్పుపట్టే ముందు దాన్ని మోస్తున్న ప్రాణి ఎలా ఉందో చూడాలని నాకు ఆ నెలలో గట్టిగా తెలిసింది. రత్న ఇప్పుడు ఆదివారాలు ఊరికి పోతోంది. మధ్యాహ్నానికల్లా ఫోన్ చేస్తుంది.

"వాటికి పస్తే కదా మేడం?"

"పస్తే. నువ్వు తిన్నావా?"