తాళం రెండోసారి లాగే పిల్ల

మా అన్న కూతురు జ్వరంతో పోయింది. నెల కూడా కాలేదు. రాయచూరులో నా ఇంట్లోనే ఉండి బెంగుళూరు ఆఫీసు పని చేసేది. పరామర్శకు వచ్చినవాళ్ళ మాటలు విని నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. "మంచిదే గని, ఉత్త అనుమానం మనిషి" అన్నారు. పోయిన మనిషిని తలచుకునే తీరేనా అది?

నేను చదివింది తక్కువ. ఆమె పని ఏమిటో ఒకనాడు బియ్యం ఏరుతూ అడిగాను.

"కంప్యూటర్ల ఫైళ్ళు దాచే కాడ పని, అత్తా. ఫైలుల రాసుడు కాకపోతే లోపల్నుంచి మైనస్ అంకె వస్తది, కాలేదని చెప్పనీకి. ఆ అంకెను పట్టే డబ్బాకు మైనసే తెల్వకపోతే, అదే అంకె మస్తు పెద్దగ కనబడ్తది. బాగనే రాసినమనుకొని ముందుకు పోతది. ఫైలు ఖరాబైతది."

"అంటే మీ మామ లెక్క. నాకు చాతనైతలేదంటే, బాగున్ననని ఇనేటోడు."

ఆమె నవ్వి చాట మీదికి వంగింది. "గా డబ్బాలే మారుస్తున్ననత్తా, ఒక్కొక్కటి. మైనస్ తెలిసినవి పెడ్తున్న."

నా గుబులు చూసి అందరూ నవ్వేవాళ్ళు, ఆమె తప్ప. బయటికి వెళ్ళేటప్పుడు తాళం లాగి, నాలుగడుగులు వేసి నేను ఆగితే, తానే వెనక్కి వెళ్ళి ఇంకోసారి లాగి వచ్చేది. "ఫికర్ చేసేటోళ్ళే కావాలె మా పనికి" అనేది.

దినాలయ్యాక ఆమె పై ఆఫీసరు లాప్‌టాప్ తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఆఖరిగా సరిచేసి పంపిన మార్పు ఏమైందని అడిగాను. జ్వరంలో కూడా ఆమె దాని గురించే అడిగింది మరి, చేర్చారా లేదా అని.

"పక్కన పెట్టామమ్మా. చిన్న మార్పే. ఇన్నేళ్ళుగా బాగానే నడుస్తోంది కదా."

ఒళ్ళు మండింది. ఆమె అనే మాటే ఆయనకు చెప్పాను. "ఇన్నేండ్లు నడిచిందంటే, ఇన్నేండ్లు ఎవరూ చూడలేదని. ఫైలు పోయినోడు నీ ఇంటికొచ్చి అడుగుతడా నాయనా? తన నసీబునే తిట్టుకుంటడు. చాయ్ తాగు. కూసొని చూడు. చూసినంకనే లాప్‌టాప్ బ్యాగు ఇస్త."

బ్యాగు నా ఒళ్ళోనే ఉంది. ఆయన తన ఫోన్‌లో ఆ మార్పు తెరిచి చూశాడు. చాయ్ చల్లారిపోయింది. చేర్పిస్తానని చెప్పి వెళ్ళాడు.

మొన్న ఫోన్ చేసి, చేర్చామన్నాడు.

"మళ్ళొకపారి చూసిన్రా?" అన్నాను.

నవ్వాడు. ఆమె అయితే నవ్వేది కాదు.

ఆ సంగతి మా అన్నకు చెబుదామని బయలుదేరాను. తాళం వేసి, లాగి, నాలుగడుగులు వేసి ఆగాను. వెనక్కి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. తిరిగి చూస్తే, నేను లాగి వదిలిన తాళం ఇంకా ఊగుతూనే ఉంది.