చుక్కాని పబ్బు కిటికీ

పోర్త్‌వీన్ రేవులోని పబ్బుకు పేరు రాసిన పలక లేదు. గుమ్మం పైన ఒక ఓడ చుక్కాని ఉంది. తుపానులో పగిలిన ఓడ నుంచి ప్రాణాలతో ఒడ్డెక్కిన నెడ్ రోజ్‌వార్న్ అనే నావికుడు, తనతోపాటు కొట్టుకొచ్చిన ఆ చెక్కను అక్కడ బిగించి, దానిమీద తెల్లరంగుతో తన పేరు రాసుకుని, బీరు అమ్మడం మొదలుపెట్టాడు. ఇక పడవ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నవాడు బతుకంతా సముద్రానికి ఎదురుగానే కూర్చున్నాడు. అతని తరవాత జాగో ట్రెంబాత్ వచ్చాడు. పాత పేరు చెరపకుండా దాని కిందే కొత్తది రాయడం ఆ ఇంటి ఆచారం. జాగో కింద అతని మేనల్లుడు పాస్కో నాంకారో పేరు చేరింది. నేను చెప్పబోయేది పాస్కో భార్య లవ్‌డే గురించి. ఆమె మాకు బంధువు కాదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ అత్తా, మావా అనే పిలుస్తాం కాబట్టి నాకు ఆమె లవ్‌డే అత్త.

మా ఊళ్ళో మనిషి పోతే పాడుతూ సాగనంపుతారు. శవపెట్టె ఇల్లు వదిలే చోట ప్రార్థన మందిరం పాటగాళ్ళు నిలబడి మొదటి చరణం ఎత్తుకుంటారు. సమాధుల తోట కొండమీద ఉంది, దారి నిట్టనిలువు. మోసేవాళ్ళు చేతులు మారే ప్రతిచోటా ఆగి ఇంకో చరణం పాడతారు. పేదవాడికైనా, నోటి దురుసువాడికైనా ఆ పాట తప్పదు. పబ్బువాళ్ళకు మాత్రం లేదు. మందిరంలో అందరూ మద్యం ముట్టమని ప్రమాణం చేసినవాళ్ళు, ఆ గుమ్మం తొక్కరు. నెడ్‌నూ జాగోనూ బూట్ల చప్పుడుతోనే తీసుకెళ్ళారట.

లవ్‌డే మందిరంలో పెరిగిన పిల్ల. చిన్నప్పుడు పాటల గుంపులో ముందు వరసలో నిలబడేది. పాస్కోను చేసుకున్నాక ఆమెను ఎవరూ తిట్టలేదు, వెలివేయనూ లేదు. పాటల పుస్తకం మాత్రం మర్యాదగా అడిగి తీసుకున్నారు. ఆమె ఆదివారం ఆరాధనకు వచ్చి చివరి బల్లమీద కూర్చునేది, ఆఖరి కీర్తన మొదలయ్యేలోపే లేచి వెళ్ళిపోయేది. పాడకుండా వినడం కష్టంగా ఉండేదేమో. అడిగితే మాత్రం కూర పొయ్యిమీద ఉందనేది.

ఆమె చేసిన పని ఒకటుంది. గాలి తిరిగి పడవలు రావడం ఆలస్యమైతే, ఇంటి ఆడవాళ్ళు రేవు మెట్టమీదకు వచ్చి నిలబడతారు. పడవలు లోపలికొచ్చే రేవు నోరు కనిపించేది అక్కడి నుంచే. ఆ మెట్ట పబ్బు పక్కగోడను ఆనుకుని ఉంటుంది, ఆ గోడకు కిందొక కిటికీ, పైనొక కిటికీ. వానలో గంటలకొద్దీ నిలబడే వాళ్ళను చూడలేక లవ్‌డే కింది కిటికీ తెరిచి టీ అందించడం మొదలుపెట్టింది. బీరు తాకిన గిన్నెలో వాళ్ళు తాగరని ఆమెకు తెలుసు. అందుకని నీలం అంచు కప్పులు వేరే కొని, వేరే మేకులకు తగిలించి, వేరే తొట్టిలో కడిగేది. పడవలన్నీ లోపలికి వచ్చేదాకా పబ్బులో ఎవరికీ బీరు పోసేది కాదు. లోపల కూర్చున్న ముసలివాళ్ళు గొణిగేవారు.

"మందిరం కప్పులకి తలంటు అయిందా లవ్‌డే?" అని ఒకడు ఎత్తిపొడిచేవాడు.

"అయింది. నీళ్ళు మిగిలాయి, నువ్వూ రా."

టీ అందించే వంతు పాస్కోది అయితే కిటికీ దగ్గర మాటలు సాగేవి. సంఘ పెద్ద ఎలయాస్ హాస్కింగ్ భార్య కెజాయా అత్తంటే అతనికి మరీ సరదా. "చక్కెర ఎక్కువేశానత్తా, పాపం కాదుగా?" అనేవాడు. "నీ మాటలంత పాపం కాదులే, ఇటివ్వు," అనేది ఆమె. కప్పులతోపాటు ఒక్కోసారి కుంకుమపువ్వు రొట్టెలు కూడా బయటికి వచ్చేవి. మా అమ్మ ఆ రొట్టెలు తింటూనే నాన్న పడవ కోసం చూసేది. ఆ ఆడవాళ్ళలో ఒక్కరూ ఎన్నడూ గుమ్మం తొక్కలేదు, లవ్‌డే ఎన్నడూ లోపలికి రమ్మని పిలవలేదు.

ఒక చలికాలం కెజాయా తమ్ముడి పడవ రేవు నోట్లోనే బోల్తాపడింది. అతన్ని మోసుకొచ్చి పబ్బు బల్లమీద పడుకోబెట్టారు. పాస్కో కంగారులో చేతికందిన కప్పులో రమ్ము పోసి తాగించాడు. మనిషి బతికాడు. కప్పు చూస్తే నీలం అంచుది. కడిగి మేకుకు తగిలించేస్తే తెలిసేవాళ్ళు లేరు. లవ్‌డే దాన్ని తీసి పైన కిటికీ గట్టుమీద పెట్టింది. తరవాతసారి టీకి ఒక కప్పు తక్కువైతే, అందులో రమ్ము పోశామని ఉన్నమాట చెప్పేసింది. కెజాయా ఆ రోజు మా అమ్మతో కలిసి ఒకే కప్పులో తాగింది.

పాస్కో ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడింది ఆ తరవాత కొన్నేళ్ళకు. పైగదిలో, కప్పు పెట్టిన కిటికీ పక్కనే పడుకునేవాడు. బుధవారం సాయంత్రాలు మందిరంలో పాటలు సాధన చేస్తుంటే గాలివాటున వినిపించేవి. అతను కళ్ళు మూసుకుని మంద్రస్థాయిలో కలిపి పాడేవాడు. ఊపిరి అందక ఆగిపోయేవాడు.

ఎలయాస్ మావ రోజూ వచ్చేవాడు. లోపలికి రాడు. తాడుకు గుచ్చిన చేపలు కింది కిటికీ గడియకు తగిలించి, మెట్టమీద నిలబడి, టోపీ తీసి, పైకిటికీ వైపు మొహమెత్తి దావీదు కీర్తన ఒకటి గట్టిగా చదివేవాడు. వానలోనూ చదివేవాడు. పాస్కో పైనుంచి ఆమెన్ అనేవాడు. ఈ ఇద్దరిలో ఎవరికీ అందులో వింతేమీ కనిపించలేదు.

ఒకరోజు పాస్కో భార్యతో అన్నాడు. "జాగో మావని మోసినప్పుడు నేను ముందున్నానే. కొండెక్కేదాకా నా బూట్లు నాకే వినబడ్డాయి. నన్నలా మూగగా పంపకే."

లవ్‌డే అడుగుతానంది. అంతకు మించి మాట ఇవ్వడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

మార్చిలో ఈదురుగాలులు వీస్తున్న రోజున అతను పోయాడు. మరునాడు పడవలు ఆలస్యమై ఆడవాళ్ళు మెట్టమీద ఉన్నారు. లవ్‌డే నల్లబట్టల్లోనే టీ కాచి కిటికీలోంచి అందిస్తోంది. వద్దంటే వినలేదట. ఎలయాస్ వచ్చి టోపీ తీసి కిటికీ ముందు నిలబడ్డాడు. ఆమె అడగవలసింది అడిగింది.

ఎలయాస్ చెడ్డవాడు కాదు. మా ఊళ్ళో అప్పు మాఫీ చేసినవాడూ, అర్ధరాత్రి డాక్టరు కోసం పరిగెత్తినవాడూ అతనే. టోపీ అంచు వేళ్ళతో తిప్పాడు.

"మా నాన్న ఈ గుమ్మంలోంచే తూలుకుంటూ వెళ్ళి రేవులో పడ్డాడమ్మా," అన్నాడు. "పాస్కో మీద నాకేం లేదు. కానీ పాటగాళ్ళని తెచ్చి ఆ గుమ్మం ముందు నిలబెట్టలేను."

లవ్‌డే తల ఊపింది. సరే మావా, అంది. తరవాతి కప్పు అందుకుంది. కెజాయా మాత్రం తన కప్పు కిటికీ గట్టుమీద పెట్టేసింది.

"గుమ్మం ముందు నిలబడమని నిన్నెవరడిగారు?" అంది మొగుడితో. "పైగది మెట్లు ఇరుకు. పెట్టె మలుపు తిరగదు. నెడ్‌నీ జాగోనీ పైకిటికీలోంచే దించారు. పాస్కోనీ అంతే. ఇదిగో, ఇక్కడికే దిగుతాడు, మనం నిలబడ్డ చోటికి."

ఎలయాస్ పైకి చూశాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. పాట విషయంలో మాత్రం ఎవరూ దాన్ని తలచుకోలేదు. పెట్టె అంటే గుమ్మం, పబ్బు గుమ్మం అంటే పాట లేదు. అక్కడితో ఆలోచన ఆగిపోయేది.

"ఇన్నేళ్ళుగా ఈ గోడ పక్కన నేను టీ తాగుతున్నాను. నువ్వు కీర్తన చదివావు," అంది కెజాయా. "దేవుడు వినే చోటయితే ఇది పాడే చోటు కూడా అయ్యుండాలి."

ఎలయాస్ టోపీ పెట్టుకుని కొండదారి పట్టాడు. వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. లవ్‌డే మళ్ళీ అడగలేదు.

అంత్యక్రియల రోజు మోసేవాళ్ళు నీలం ఉన్ని చొక్కాలతో వచ్చారు. పెట్టె కింద వేసి పట్టుకోవడానికి తెల్లటి తుండుగుడ్డలు తెచ్చుకున్నారు. పైకిటికీ చట్రం ఊడదీసి, పడవ కప్పీ బిగించి, మోకులు కట్టారు. లవ్‌డే కింద మెట్టమీద నిలబడి పైకి చూస్తోంది. పాటగాళ్ళు కనిపించలేదు. మెట్టమీద ఉన్నది ఎప్పుడూ నిలబడే ఆడవాళ్ళే.

పెట్టె కిటికీ దాటి గాలిలో వేలాడుతుండగా కెజాయా గొంతెత్తింది. ఆమె గొంతు బాగుండదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. మా అమ్మ అందుకుంది, తరవాత మిగతావాళ్ళు. మోకులు పట్టుకున్నవాళ్ళు పాట నడకకు తగ్గట్టు నెమ్మదిగా వదిలారు. పెట్టె నేల తాకేసరికి మొదటి చరణం అయింది. అందరూ ఆడగొంతులే కావడంతో పాట పైపైనే తేలుతోంది, కింద ఆసరా లేదు. రెండో చరణం ఎత్తుకోగానే, సందు మలుపు అవతల నుంచి, పబ్బు గుమ్మం కనిపించని చోటు నుంచి, మగగొంతులు కలిశాయి. అన్నిటికన్నా కింద ఎలయాస్ గొంతు ఉంది. పెట్టె మలుపు చేరాక వాళ్ళు ముందు నడిచారు. కొండెక్కేదాకా, చేతులు మారిన ప్రతిచోటా, పాస్కోకు పాట తక్కువ కాలేదు.

లవ్‌డే పెదవులు కదిపిందని కొందరు, నిజంగానే పాడిందని కొందరు అంటారు. పక్కనే నడిచిన మా అమ్మ మాత్రం, ఆమె పాటలో ఒక్క మాటా మరిచిపోలేదని చెప్పేది.

తిరిగొచ్చాక ఆడవాళ్ళు ఎప్పటిలాగే మెట్టమీద ఆగారు. మగడిని పూడ్చి వచ్చిన ఇల్లాలి ఇల్లే అయినా వాళ్ళు లోపలికి వెళ్ళలేదు, ఆమె రమ్మననూ లేదు. కింది కిటికీ తెరుచుకుంది. కప్పులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, మళ్ళీ ఒకటి తక్కువైంది. మా అమ్మతో కలిసి తాగుతానని కెజాయా అంటుందనుకున్నారు.

"పైన గట్టుమీద ఒకటుండాలి కదే," అంది కెజాయా. "మా తమ్ముడు తాగింది. అది తే."

లవ్‌డే పైకి వెళ్ళి తెచ్చింది. బాగా కడిగి, టీ పోసి ఇచ్చింది. కెజాయా తాగింది. ఎలయాస్ పక్కనే ఉన్నాడు, చూశాడు, రేవు వైపు తిరిగి గాలి తగ్గిందన్నాడు.

వేసవిలో చుక్కాని మీద పాస్కో పేరు కింద లవ్‌డే పేరు రాశారు. నిచ్చెన పట్టుకున్నది కెజాయా తమ్ముడు. ఆ కప్పు ఆ తరవాత మిగతావాటి పక్కనే, మేకుకు వేలాడింది.